బొమ్మల చిత్రముల వసూళ్ళు: ఇంటి లెక్క, బయటి లెక్క

ఒక్క అగ్రనటుడును లేని, తెరమీద ఒక్క మానవముఖమును కనబడని 'మహావతార్ నరసింహ' యను చిత్రము 2025వ సంవత్సరము జూలై 25వ తేదీన అయిదు భాషలలో విడుదలయై, మొదటి దినమున దేశమంతటను కలిపి రెండు కోట్ల రూపాయల నెట్టునైనను చూపజాలక, అటుపిమ్మట తల్లుల నోటను తాతల నోటను పిల్లల నోటను ప్రచారము పొంది, వారములు గడచిన కొలదియు ఆటల సంఖ్యను పెంచుకొనుచు, తుదకు ప్రపంచవ్యాప్తముగా మూడువందల కోట్ల గ్రాసును దాటినదని వాణిజ్యవర్గములు లెక్క తేల్చినవి. భారతీయ యానిమేషన్ చిత్రములలో ఇంత వసూలు చేసినది పూర్వము మరియొకటి లేదు. అయినను 'ప్రపంచవ్యాప్తముగా' అను ఆ విశేషణమును కొంచెము నిదానించి పరిశీలించినచో, ఆ మొత్తములో విదేశముల పాలు పదవ వంతునకు లోపుగనే యున్నదని తెలియగలదు. అదే సంవత్సరము జనవరి 29న చైనాలో వారి నూతన సంవత్సర దినమున విడుదలయిన 'నే ఝా 2' రెండువందల కోట్ల డాలర్లను మించి వసూలు చేసి, యానిమేషన్ చిత్రములలో ప్రపంచమునందే ప్రథమస్థానము నాక్రమించినది. దాని వసూలులో నూటికి తొంబదియైదు పాళ్ళకు పైగా చైనాలోనిదే. ఇందుకు సరిగా విపరీతముగా, 2009 నాటి అమెరికా చిత్రము 'ఐస్ ఏజ్' మూడవ భాగము 88 కోట్ల డాలర్లకు పైగా రాబట్టగా, అందులో స్వదేశపు వాటా కేవలము 19 కోట్ల చిల్లర. ఒక చిత్రము ఇంట గెలుచుటయు, మరియొకటి రచ్చ గెలుచుటయు ఏ కారణముచేత సంభవించుచున్నవి, వీనిని ఒకే త్రాసులో తూచుట యెంతవరకు న్యాయము, ఈ వ్యాపారమున మన తెలుగువారి స్థానమెట్టిది అనునవి విచారింపదగిన విషయములు.

తూచుటకు ముందు తూకపురాళ్ళను చూచుకొనవలెను. వసూలు అను ఒక్క మాటతో మనవారు మూడు వేరువేరు మొత్తములను వ్యవహరించుచున్నారు. ప్రేక్షకుడు 177 రూపాయలిచ్చి మల్టీప్లెక్సులో టికెట్టు కొన్నాడనుకొందము. ఆ 177 గ్రాసు. అందులో 27 రూపాయలు జీఎస్టీ క్రింద పోగా మిగిలిన 150 నెట్టు. ఆ 150లో హాలువారి భాగమో అద్దెయో తీసివేయగా పంపిణీదారునకు ముట్టునది షేరు. అమెరికావారు గ్రాసు చెప్పుదురు, హిందీ ట్రేడువారు నెట్టు చెప్పుదురు, నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా షేరు చెప్పుట తెలుగు ట్రేడు యొక్క చిరకాలాచారము. నా దృష్టిలో ఈ మూడింటిలోను నిజాయతీ గలది మన షేరే, ఏలయనగా చిత్రము కొన్నవాడు బ్రదికెనా చెడెనా అన్నది అదొక్కటే చెప్పును. కాని ఇరుగుపొరుగులతో పోల్చుటకు అది పనికిరాదు. అందుచేత పోస్టరు మీదికి వచ్చుసరికి మనవారును గ్రాసునకే తిరుగుచున్నారు.

ఈ భేదము బొమ్మల చిత్రముల విషయమున మఱింత సూక్ష్మమైన అన్యాయమును కలిగించుచున్నది. 2009లో హిందీ నిర్మాతలకును మల్టీప్లెక్సులకును నడుమ రెండు నెలలపాటు నడచిన వివాదానంతరము కుదిరిన ఒడంబడిక ప్రకారము, పంపిణీదారునకు మొదటి వారము నూటికి 50, రెండవ వారము 42.5, మూడవ వారము 37.5, అటుపై 30 వంతున ముట్టునట్లు నిర్ణయమైనది. మొదటి మూడు దినములలోనే సర్వస్వమును ఊడ్చుకొని పోవు అగ్రనటుల చిత్రములకు ఈ పద్ధతి బహు లాభకరము. మొదటి వారము ఖాళీ కుర్చీలతో ఆరంభమై, నాల్గవ వారమున హాలు నిండించుకొను పిల్లల చిత్రమునకు ఇది నష్టదాయకము. అదే వంద రూపాయల నెట్టు ఆలస్యముగా వచ్చిన నేరమునకు ఇరువది రూపాయలు కోల్పోవుచున్నది. విదేశములలో ఈ వాటా మరియొక తీరు. అమెరికా చిత్రమునకు స్వదేశమున ఇంచుమించు సగమును, ఇతర దేశములలో నూటికి నలుబది ప్రాంతమును ముట్టగా, చైనాలో వాటా పద్ధతిమీద ప్రవేశించు విదేశీ చిత్రమునకు నూటికి ఇరువదియైదే దక్కును. కావున చైనాలో రాలిన వంద డాలర్లును, అమెరికాలో రాలిన వంద డాలర్లును నిర్మాత యింటికి చేరుసరికి సమానములు కావు.

ధనమును విడిచి తలలను లెక్కించినచో చిత్రము స్వరూపమే మారిపోవును. 2024లో వచ్చిన 'ఇన్‌సైడ్ ఔట్ 2' అమెరికా, కెనడాలలో 65 కోట్ల డాలర్లు వసూలు చేసినది. అచ్చట టికెట్టు సగటున 11 డాలర్లనుకొన్నచో ఆరు కోట్లకు దగ్గరగా టికెట్లు తెగియుండవలెను, అనగా ఆ రెండు దేశములలో ప్రతి ఆరేడుగురిలో ఒకరు. 'నే ఝా 2' నకు చైనాలో 30 కోట్లకు పైగా టికెట్లు తెగినవి. ప్రతి అయిదుగురిలో ఒకరు. మన 'నరసింహ' కు సగటు టికెట్టు 150, 200 రూపాయల నడుమ నున్నదని ఊహించినచో, దేశము మొత్తమున కోటిన్నర మొదలు రెండు కోట్ల వరకు ప్రేక్షకులుందురు. అనగా ఎనుబది మందికి ఒక్కరు చొప్పున. తెలంగాణ ప్రభుత్వము 2021 డిసెంబరులో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారము ఏసీ హాలులో 150, మల్టీప్లెక్సులో 250 రూపాయలు టికెట్టునకు గరిష్ఠ పరిమితి, పన్ను అదనము. ఈ ధరలమీద మనము అమెరికా డాలర్లతో పోటీపడుట అసంభవము. కాని తలల లెక్కలో చైనాతో పోటీపడలేకపోవుటకు ధర కారణము కానేరదు. చైనాలో తొంబది వేల తెరలు కలవు. మన దేశమంతటను పదివేలు గలవో లేవో. హాలులేని మండలమున నరసింహస్వామి ప్రత్యక్షమగుటకు స్తంభమైనను లేదు.

అమెరికా చిత్రముల చరిత్రను చూచినచో స్వదేశ విదేశముల వాటా ఒక స్థిరరేఖపై నడువలేదని విశదమగును. 1994 నాటి 'లయన్ కింగ్' తొలి విడుదలలో 76 కోట్ల డాలర్లకు ఇంటి భాగము 31 కోట్లు. 2004లో 'ష్రెక్' రెండవ భాగము తన 92 కోట్ల పైచిలుకులో దాదాపు సగమును ఇంటనే సంపాదించినది. అమెరికా జీవితమును, అమెరికా సినిమాలను ఎగతాళి చేయు ఆ హాస్యము సముద్రము దాటునప్పటికి కొంత చప్పబడుట సహజము. హిమయుగపు ఏనుగులకును ఉడుతకును ఏ దేశపు పౌరసత్వమును లేదు. 'మినియన్ల'కు భాషయే లేదు, వారు పలుకునది నానాభాషల పొట్టు. కావుననే 2015లో ఆ చిత్రము 115 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయగా అందు నూటికి డెబ్బది పాళ్ళు విదేశములవే. బొమ్మల చిత్రమునకు మరియొక స్వాభావిక సౌలభ్యము కలదు. మనుష్యులు నటించిన చిత్రమును అనువదించినపుడు పెదవి ఒక భాష, ధ్వని ఒక భాషయై కన్ను చెవితో జగడమాడును. బొమ్మకు మాతృభాషలోనైనను మాట అరువుదే గనుక, ఏ భాష యిచ్చినను దాని నోట అదే సొంతమగును. 2016లో 'కుంగ్ ఫూ పాండా' మూడవ భాగమును తీసినవారు అంతటితో తృప్తినొందక, చైనా భాషకు తగినట్లు పెదవుల కదలికలను వేరుగా చిత్రించి, చైనాలో 15 కోట్ల డాలర్లు వసూలు చేసిరి. అమెరికాలో వచ్చినది 14 కోట్లు మాత్రమే. విదేశపు వసూలు ఆ విధముగా శ్రమపడినవారికి లభించునేగాని, ఊరక డబ్బింగు చేసి విడిచినవారికి లభింపదు.

జపానువారిది వేరు కథ. మియజాకి గారి 'స్పిరిటెడ్ అవే' 2001లో స్వదేశమున మూడువేల కోట్ల యెన్నులను దాటి, ఆస్కారు నందుకొనియు, అమెరికాలో ఆనాడు పొందినది కోటి డాలర్ల ప్రాంతమే. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' అదే అమెరికాలో మొదటి వారాంతముననే ఏడు కోట్ల డాలర్లను సాధించినది, మన దేశమునను అదే వారమున తెలుగుతో సహా పలు భాషలలో ఆడినది. ఈ ఇరువదినాలుగేండ్లలో మారినది జపాను కళ కాదు, ప్రేక్షకుడు. దూరదర్శిని మీద, పిదప ఓటీటీలలో ఒక తరము పిల్లలు ఆ పాత్రలతో పెరిగి పెద్దవారై, జేబులో తమ డబ్బుతో హాలునకు వచ్చిరి. విదేశపు విపణి ఒక్క చిత్రముతో తెరచుకొనదు. ఒక తరము పట్టును.

లాట్వియా యను చిన్న దేశపు ఉదాహరణమును ఇచ్చట విస్మరింపరాదు. పందొమ్మిది లక్షల జనాభాగల ఆ దేశమున, ఉచితముగా లభించు బ్లెండర్ సాఫ్ట్‌వేరుతో చేసిన 'ఫ్లో' అను పిల్లి కథ, ఒక్క మాటయు లేకుండ, ఆ దేశపు హాళ్ళ చరిత్రలోనే అత్యధికముగా చూడబడి, 2025 మార్చిలో ఆస్కారు గెలిచినది. అంత చిన్న యింట ఎంత గెలిచినను పెట్టుబడి రాదు గనుక, దాని ఆదాయము దాదాపు యావత్తు బయటినుండియే. పెద్ద ఇల్లు గలవానికి బయటి అవసరము తక్కువ. చిన్న ఇల్లు గలవానికి బయటనే జీవనము.

ఇక మనవైపునకు వచ్చెదము. మన హైదరాబాదు యానిమేషన్ చరిత్రలో ఒక విచిత్రమైన విలోమము కలదు: మన చిత్రములు బయటికి పోవుటకు ముందే మన పనివారి శ్రమ బయటికి పోయినది. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్, కలర్ చిప్స్ మొదలగు సంస్థలు విదేశపు టెలివిజన్ సంస్థలకు చేసిన పని చాల కలదు. అటుపై అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్ తన శాఖను ఇచ్చట నెలకొల్పెను. 2012లో 'లైఫ్ ఆఫ్ పై' చిత్రమందలి పులిని సృష్టించినది ఆ సంస్థయే, ఆ పనిలో హైదరాబాదు శాఖ కళాకారుల చేయియు కలదు. ఆ చిత్రము అరువది కోట్ల డాలర్లకు పైగా సంపాదించగా అందు అమెరికా భాగము 12 కోట్ల పైచిలుకే. 2013 ఫిబ్రవరిలో, ఒకే నెలలో, ఆ పులికి ఆస్కారు వచ్చినది, ఆ సంస్థ దివాలా పిటిషను వేసినది. దేశవిదేశముల వసూళ్ళ పట్టికలు చూచి మురియువారు ఈ ఒక్క సంఘటనను స్మరించుట మంచిది. పట్టికలో అంకె పెరిగినను, బొమ్మ గీచినవానికి ముట్టునది ఒప్పందములో వ్రాసియున్న కూలియే.

ఈ కూలిపని దారినుండి తప్పుకొని సొంత పాత్రను పట్టుకొన్నవారు రాజీవ్ చిలక గారు. హైదరాబాదులో వారు స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో పోగో ఛానలునకు అందించిన 'ఛోటా భీమ్', దేశమున పిల్లలున్న ప్రతి యింటికిని బంధువైనాడు. ఆ భీముడు 2012లోను అటుపిమ్మటను వెండితెరకెక్కినపుడు హాళ్ళలో అద్భుతములేమియు జరుగలేదు. ఇంట ఉచితముగా కనబడు బాలుని చూచుటకు టికెట్టు కొనుమని తల్లిదండ్రులను ఒప్పించుట కష్టము. కాని 2019లో నెట్‌ఫ్లిక్సునకై తీసిన 'మైటీ లిటిల్ భీమ్', పసివాని కేరింతలే తప్ప సంభాషణ దాదాపు లేనిదగుటచే, విదేశములలో కోటికి మించిన గృహములలో ప్రవేశించినది. హైదరాబాదులో పుట్టిన ఒక పాత్ర సముద్రములను దాటిన ఈ ఘనవిజయము బాక్సాఫీసు పట్టికలలో ఒక్క రూపాయిగానైనను కనబడదు. హాలు వసూళ్ళను మాత్రమే చూచి ఇంట బయట అని తీర్పు చెప్పు పద్ధతికి ఇంతకు మించిన ఆక్షేపణ యుండదు.

తెలుగున పూర్తినిడివి బొమ్మల చిత్రములు లేకపోలేదు. 2006 సంవత్సరమునకు జాతీయ పురస్కారము పొందిన 'కిట్టు' తెలుగు చిత్రమే. సింగీతము శ్రీనివాసరావు గారు 2003లో 'సన్ ఆఫ్ అలాద్దీన్', 2008లో 'ఘటోత్కచ్' తీసి, అరువదేండ్లు దాటిన వయస్సున ఈ కొత్తవిద్యను అభ్యసించిరి. 2014లో రజనీకాంత్ గారి 'కోచ్చడయాన్', తెలుగున 'విక్రమసింహ', భారీ వ్యయముతో వచ్చి నిరాశ మిగిల్చినది. నటుని ముఖమును చూడవచ్చినవారికి ఆ ముఖపు ప్రతిమను చూపుట ఆ చిత్రపు దోషమని నా యభిప్రాయము. జపాను దేశస్థుడు యుగో సాకో మన రామ్మోహన్ గారితో కలసి 1992లో పూర్తిచేసిన రామాయణము దేశమున హాళ్ళకు సక్రమముగా రాకయే టెలివిజన్ తెరమీద రెండు తరములను రంజింపజేసి, 2025 జనవరి 24న తెలుగుతో సహా నాలుగు భాషలలో తిరిగి వెలువడినది. రామాయణమును జపాను తీయుట, అది మన పిల్లలకు మన సొమ్మై నిలుచుట, ఇదియు ఇంటికిని బయటికిని నడుమ గీటు ఎంత సన్ననిదో తెలుపుచున్నది.

'మహావతార్ నరసింహ' విజయమునకు కారణము చిత్రణనైపుణ్యము మాత్రమే యనుట పొరపాటు. దర్శకుడు అశ్విన్ కుమార్ గారి సాహసమును నేను తక్కువ చేయుటలేదు, కాని తెలుగుదేశమున ప్రహ్లాదచరిత్రకు ప్రచారము అక్కరలేదు. పోతన భాగవతము, యాదగిరిగుట్ట, అహోబిలము, సింహాచలము, మంగళగిరి, ధర్మపురి ఇవన్నియు ఆ చిత్రమునకు శతాబ్దములుగా పోస్టర్లు అంటించుచున్నవి. 1932 ఫిబ్రవరిలో మొదటి తెలుగు టాకీయై హెచ్.ఎం.రెడ్డి గారి చేతిమీదుగా వచ్చినది 'భక్త ప్రహ్లాద' యే, 1967లో ఎస్.వి.రంగారావు గారు హిరణ్యకశిపుడై, పసిబాలికయగు రోజారమణి ప్రహ్లాదుడై నటించినదియు అదే కథ. తెలుగున ఈ బొమ్మల చిత్రమును గీతా ఆర్ట్స్ వారు విడుదల చేసిరి. హిందీ తరువాత ఎక్కువ వసూలు తెలుగుదే, తమిళ మలయాళములలో స్వల్పము. చూడగా ఒకే దేశమునందే ఒక చిత్రమునకు ఒక భాష ఇల్లును మరియొక భాష పరదేశమును అగుచున్నది.

ఈ సంగతి హైదరాబాదు శివారునందలి మా కౌకూరు వంటి చోట నివసించువారికి విశదముగా తెలియును. బొల్లారమునకును యాప్రాలునకును నడుమ, కంటోన్మెంటు చేరువనున్న ఈ ప్రాంతమున సైనికోద్యోగుల కుటుంబములు దేశపు నలుమూలలనుండి వచ్చి స్థిరపడినవి. పిల్లవాడు ఇంట మలయాళమో పంజాబీయో, బడిలో ఇంగ్లీషు, ఆటస్థలమున తెలుగు, ఉర్దూ మాటలాడును. అట్టి కుటుంబము ఆదివారము కొంపల్లి మల్టీప్లెక్సునకు పోయినపుడు తెలుగు ఆట, హిందీ ఆట అను విచక్షణ లేక, భోజనవేళకు ఏది కుదిరిన అది చూచి వచ్చును. ట్రేడు పట్టికలో మాత్రము వారి రూపాయలు ఒకమారు తెలుగు వసూలుగను ఒకమారు హిందీ వసూలుగను వేరువేరు గళ్ళలో పడి, ఏ భాషవారు ఎక్కువ ఆదరించిరను వాదమునకు సాక్ష్యములగుచున్నవి. నైజాములో హిందీ ఆటల వసూలు ఎన్నడును తక్కువ కాదు. అది అచ్చమైన హిందీవారి వసూలని తలంచుట భ్రమ.

బయటివారికి మన యిల్లు 'ఓవర్సీస్' అను సంగతియు మరువరాదు. 2019లో 'ఫ్రోజెన్' రెండవ భాగమునకు తెలుగున ఎల్సాగా నిత్యా మేనన్ గారును, బాల ఎల్సాగా మహేశ్ బాబు గారి కుమార్తె సితారయు గొంతునిచ్చిరి. అదే సంవత్సరము 'లయన్ కింగ్' లో నాని, జగపతిబాబు, బ్రహ్మానందము, అలీ గార్లు పలికిరి. 2024 డిసెంబరులో 'ముఫాసా' కు మహేశ్ బాబు గారు గొంతునిచ్చిరి. ఆ 2019 నాటి సింహము దేశమున నూటయేబది కోట్ల నెట్టును మించినది. అందు ఒక్క నిజమైన జంతువైనను లేదు, అయినను దానిని యానిమేషన్ అనుటకు నిర్మాతలే సంకోచించిరి. మన దేశమున బొమ్మయని చెప్పిన టికెట్టు అమ్ముడుపోదను భయము వారికిని అంటినట్లున్నది. తెలుగు హాస్యనటుల గొంతుల చేత ఆ అడవి మన అడవియైనది. అమెరికా సంస్థ తన విదేశపు వాటాను ఈ విధముగా మన గొంతులతో సంపాదించుచున్నది. మనము మన చిత్రములకు జపానులో, బ్రెజిల్లో ఆ పని చేసితిమా?

చేయలేదు. 'మహావతార్ నరసింహ' విదేశ వసూలు ముఖ్యముగా ప్రవాస భారతీయుల వసూలు. డల్లసులో, న్యూజెర్సీలో అగ్రనటుని చిత్రమునకు ముందురోజు ప్రీమియరునకే కిక్కిరిసిపోవు మన యువకులు, బొమ్మల చిత్రమునకు అట్లు ఎగబడరు. పిల్లలతో వారాంతమున వచ్చు కుటుంబముల సంఖ్య పరిమితము, వారి పిల్లలకు తెలుగుకంటె ఇంగ్లీషు దగ్గర. 2022లో విడుదలయిన 'ఆర్ ఆర్ ఆర్' జపానులో రెండువందల కోట్ల యెన్నులను దాటినది. అచ్చటివారు తెలుగు నటులను ఆదరించుటకు సిద్ధముగనే యున్నారు, కాని బొమ్మల చిత్రమునకు నెలవైన ఆ దేశమున మన బొమ్మలకు ఇంకను చెప్పుకోదగిన ప్రవేశము లేదు. ఇది లోటేగాని సిగ్గుపడవలసిన సంగతి కాదు. చైనావారి ప్రపంచప్రథమ చిత్రమునకే బయట గుర్తింపు స్వల్పము. ముందు ఇంటి తెరలు పెరుగవలెను, పిల్లల చిత్రమునకు నాల్గవ వారమునను న్యాయమైన వాటా దక్కవలెను. విదేశపు వాటా అటుపై ఒక తరమునకు వచ్చినను ఆలస్యము కాదు.

ఈ పరంపరలోని తరువాతి చిత్రము 'మహావతార్ పరశురామ్' 2027లో రానున్నదని ప్రకటింపబడియున్నది. అది వచ్చునాటికైనను మన తెలుగు వాణిజ్యపత్రికలు, వందల కోట్ల గ్రాసును పెద్దయక్షరములలో అచ్చువేయుటతో సరిపెట్టక, నెట్టును షేరును వారముల వారీగా, తెగిన టికెట్ల సంఖ్యను వేరుగా, స్వదేశ విదేశముల వాటాను తేటగా ప్రకటింపవలెనని వారికి నా మనవి.